1979 ప్రీమియర్ పద్మినిలో చీలిన రబ్బరు గొట్టాలు: దేనిని అతికించవచ్చు, దేనిని మార్చి తీరాలి?

ప్రశ్న – గుంటూరు పద్మిని

అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1979లో కొన్న ప్రీమియర్ పద్మిని కారు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. ఆయన పోయిన తరువాత ఆరేళ్ల పాటు అది గుంటూరులో మా ఇంటి వెనుక రేకుల షెడ్డులో కదలకుండా నిలబడిపోయింది. మొన్న సంక్రాంతికి అన్నదమ్ములమంతా కలిసినప్పుడు దానిని మళ్లీ నడిపించాలనుకుని, కొత్త బ్యాటరీ పెట్టించి, ట్యాంకులోని పాత పెట్రోలు తీసివేయించి, కార్బురేటరు శుభ్రం చేయించాము. ఇంజను రెండో ప్రయత్నానికే అందుకుంది. ఆ సంతోషంలో రబ్బరు గొట్టాల సంగతి ఎవరమూ ఆలోచించలేదు.

మొదటి వారంలోనే మంగళగిరి దారిలో బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. ఆపి చూస్తే రేడియేటరు పై గొట్టం, ఇంజను వైపున ఉన్న క్లిప్పు పక్కనే, రెండంగుళాల పొడవున నిలువుగా చీలి ఉంది. దగ్గరలోని షెడ్డు మెకానిక్ దాని మీద సైకిలు ట్యూబు ముక్క గట్టిగా చుట్టి, బైండింగు తీగతో కట్టి, నీళ్లు పోసి పంపించారు. ఇల్లు చేరాము. ఇంటికి వచ్చి తీరికగా చూసినప్పుడు ఇంకో రెండు విషయాలు కనిపించాయి. పెట్రోలు పంపు నుంచి కార్బురేటరుకు వెళ్లే గొట్టం వేళ్లకు చెమ్మగా తగులుతోంది, దాని పై పొర మీద సన్నని పగుళ్లు ఉన్నాయి. రెండవది, బ్రేకు వేసి వదిలిన తరువాత కూడా కారు కాసేపు ఎడమకు లాగుతోంది, ముందు ఎడమ చక్రం డ్రమ్ము చేయి పెట్టలేనంత వేడెక్కుతోంది.

నాన్నగారి కాలం నుంచి ఉన్న భాగాలను వీలైనంత వరకు అలాగే కాపాడుకోవాలని నా కోరిక. చీలిన గొట్టాన్ని లోపల ఇనుప పైపు ముక్క పెట్టి అతికించుకుంటే సరిపోతుందా? పెట్రోలు గొట్టాన్ని చెమ్మ ఉన్న చోట కోసి కలపవచ్చా? ఇప్పుడు బంకుల్లో వస్తున్న ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఏ రకం గొట్టం తీసుకోవాలి? బ్రేకు సమస్యకు కూడా రబ్బరు గొట్టమే కారణమా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు – ఆటోనగర్ మెకానిక్

నమస్కారమండీ. నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా పెట్రోలు బండ్ల పని చేస్తున్నాను. మీరు అడిగినవాటిలో నీళ్ల గొట్టం గురించి ముందు చెబుతాను, ఎందుకంటే తాత్కాలికంగానైనా అతుకు వేయడానికి వీలున్నది అదొక్కటే. పెట్రోలు గొట్టానికి, బ్రేకు గొట్టానికి అతుకు వేసే ఆలోచనే పెట్టుకోవద్దు. నీళ్లు కారితే ఇంజను వేడెక్కుతుంది, మీరు ఆపగలరు. పెట్రోలు కారి ఎగ్జాస్టు మీద పడినా, బ్రేకు గొట్టం పగిలినా మీకు ఆ వ్యవధి దొరకదు.

గొట్టం క్లిప్పు పక్కనే చీలడానికి కారణముంది. అక్కడ రబ్బరు ఒకవైపు లోహపు మూతి (గొట్టం ఎక్కే పొట్టి పైపు) మీద బిగుసుకుని ఉంటుంది, మరోవైపు ఇంజను అదురుతున్న కొద్దీ కదులుతూ ఉంటుంది. కాస్త కారినప్పుడల్లా క్లిప్పును ఇంకో చుట్టు బిగించడం మనవాళ్లకు అలవాటు, దానితో క్లిప్పు అంచు రబ్బరులోకి దిగిపోతుంది. గొట్టం తీసిన తరువాత లోపలి వైపు కూడా చూడండి. చివరల దగ్గర నిలువు చారలుగా పగుళ్లు కనిపిస్తే, పై పొర నిగనిగలాడుతున్నా సరే, ఆ గొట్టం పని అయిపోయినట్లే. ఇంజను పూర్తిగా చల్లారిన తరువాత కింద గొట్టాన్ని కూడా రెండు వేళ్లతో నొక్కి చూడండి. ఎండిన చెప్పు తోలులా గట్టిగా ఉన్నా చెడినట్లే, నానిన అట్టలా మెత్తగా లోపలికి పోయినా చెడినట్లే. నొక్కినప్పుడు లోపల ఏదో చిట్లుతున్న చప్పుడు వస్తే ఇక ఆలోచించవలసిన పని లేదు.

దారిలో ఇల్లు చేరడానికి చేసే పని ఒకటి, ఇంటి దగ్గర చేసే పని ఇంకొకటి. చీలిక చివరి నుంచి అంగుళం లోపల ఉండి, గొట్టానికి కొంచెం పొడవు మిగులు ఉంటే, ఆ ముక్కను సూటిగా కోసివేసి మళ్లీ ఎక్కించుకోవచ్చు. మీది రెండంగుళాల చీలిక కనుక అది కుదరదు. అలాంటప్పుడు తనకు తానే అతుక్కునే సిలికాన్ టేపు మంచిది. గొట్టాన్ని తుడిచి, తడి లేకుండా ఆరనిచ్చి, టేపును దాని పొడవుకు రెట్టింపు అయ్యేంతగా సాగదీస్తూ, ఒక చుట్టు మీద సగం ఇంకో చుట్టు పడేలా, చీలికకు రెండు వైపులా మూడేసి అంగుళాలు దాటేవరకు చుట్టాలి. మామూలు కరెంటు టేపు వేడికి జిగురు కరిగి జారిపోతుంది. మీకు ఆ మెకానిక్ చుట్టిన సైకిలు ట్యూబు కూడా ఇదే పద్ధతిలో పనిచేసింది, ఆ క్షణానికి ఆయన చేసినది సరైన పనే. అయితే అలా కట్టిన తరువాత రేడియేటరు మూతను మొదటి గాటు వరకే బిగించి, లోపల ఒత్తిడి పెరగకుండా చూసుకుంటూ, నెమ్మదిగా నడిపి, మధ్య మధ్యలో ఆపి, చల్లారనిచ్చి నీళ్లు చూసుకోవాలి. ఒత్తిడి లేకపోతే నీరు త్వరగా మరుగుతుందని మరచిపోవద్దు. ఒక్కో పీఎస్ఐ (చదరపు అంగుళానికి ఒక పౌండు) ఒత్తిడికి మరిగే స్థాయి సుమారు ఒకటిన్నర డిగ్రీ సెల్సియస్ పెరుగుతుంది, మూత వదులు చేస్తే ఆ రక్షణ పోతుంది. పద్మిని సిలిండరు హెడ్డు అల్యూమినియంతో చేసినది, ఒక్కసారి బాగా వేడెక్కినా వంకర పోతుంది. రెండు వందల రూపాయల గొట్టం కోసం హెడ్డు పని పెట్టుకున్నవారు నా షెడ్డుకు ఏటా వస్తుంటారు.

లోపల పైపు ముక్క పెట్టి అతకడం గురించి అడిగారు. తిన్నగా ఉన్న భాగంలో ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు ముక్క పెట్టి, రెండు వైపులా క్లిప్పులు బిగిస్తే నీరు నిలుస్తుంది. ఇనుప ముక్క పెడితే తుప్పు పట్టి, ఆ తుప్పు రేడియేటరు సన్న గొట్టాలలో పేరుకుంటుంది. ఏ ముక్క పెట్టినా, మిగిలిన రబ్బరు వయసు మాత్రం తగ్గదు కదా! ఇవాళ ఒక చోట చీలినది వచ్చే నెల ఇంకో చోట చీలుతుంది. అందుకని రెండు గొట్టాలనూ ఒకేసారి మార్చండి.

పాతదాన్ని ఊడదీసేటప్పుడు స్క్రూడ్రైవరు దూర్చి తిప్పవద్దు. పాత రేడియేటరు మూతులు ఇత్తడివి, టంకంతో అతికినవి, మెలిపెడితే మొదట్లోనే ఊడతాయి. బ్లేడుతో గొట్టాన్ని నిలువుగా చీల్చి ఒలిచేయండి. మూతుల మీద పేరుకున్న తెల్లటి తుప్పును సన్న ఎమరీ కాగితంతో నున్నగా చేయండి. ఎక్కువమంది వదిలేసేది ఈ పనినే, కొత్త గొట్టం వేసినా కారుతోందని వచ్చే బండ్లలో సగం వాటికి ఇదే కారణం.

కొత్త గొట్టం కొనేటప్పుడు పాత ముక్కను చేత పట్టుకుని వెళ్లండి. లోపలి వ్యాసం రెండు చివర్లలో ఒకటే ఉండకపోవచ్చు, రెండింటినీ కొలవండి. వంపు ఉన్న చోట తిన్నటి గొట్టాన్ని వంచి పెడితే మడత పడి నీటి దారి సగానికి మూసుకుపోతుంది. పద్మినికి తయారైన అచ్చు గొట్టం (వంపుతోనే అచ్చులో పోసినది) దొరకకపోతే, ఇంకో బండికి చెందిన పొడవాటి అచ్చు గొట్టంలో మీకు కావలసిన వంపు ఎక్కడ ఉందో చూసి, ఆ ముక్కను కోసి వాడుకోవచ్చు. మేము ఎన్నో పాత బండ్లకు అలాగే చేశాము. కింద గొట్టంలో స్ప్రింగు ఉంటే దాన్ని పారేయవద్దు. ఇంజనులోని నీటి పంపు నీటిని పీల్చేది ఆ గొట్టం నుంచే, స్ప్రింగు లేకపోతే వేగం పెరిగినప్పుడు మెత్తటి గొట్టం లోపలికి అతుక్కుపోతుంది. ఊళ్లో తిరిగినంత సేపు చల్లగా ఉండి, హైవే ఎక్కగానే వేడెక్కే బండ్లలో నేను మొదట చూసేది దానినే.

ఎక్కించేటప్పుడు గ్రీజు, ఇంజను ఆయిలు రాయవద్దు, నీళ్లతో తడిపితే చాలు. మూతి మీద ఉబ్బెత్తు అంచు ఉంటుంది, క్లిప్పు ఆ అంచు దాటి లోపలి వైపు కూర్చోవాలి, అంచు మీద కాదు. రేడియేటరు నెమ్మదిగా నింపి, మూత తీసి ఇంజను నడుపుతూ థర్మోస్టాట్ (ఇంజను వేడెక్కాక నీటికి దారి తెరిచే వాల్వు) తెరుచుకుని గాలి బుడగలు ఆగేదాకా నీటిని సరిచూసుకోండి. ఒకసారి వేడెక్కి చల్లారిన తరువాత క్లిప్పులను మళ్లీ పావు చుట్టు చూడండి, ఎందుకంటే కొత్త రబ్బరు మొదటి వేడికి కాస్త కూర్చుంటుంది. చల్లారాక పై గొట్టం చదునుగా నొక్కుకుపోయి కనిపిస్తే తప్పు గొట్టానిది కాదు, రేడియేటరు మూతలో గాలిని వెనక్కు రానిచ్చే చిన్న వాల్వు పనిచేయడం లేదని అర్థం.

జవాబు – రబ్బరు ఇంజినీరు

ఆటోనగర్ మిత్రులు పని విధానం చాలా చక్కగా చెప్పారు. నేను రబ్బరు కర్మాగారంలో పనిచేసి విరమించినవాడిని కనుక, పదార్థం గురించి నాలుగు మాటలు చేరుస్తాను. రబ్బరు అనగానే అన్నీ ఒకటే అనుకోవడం వల్ల పాత కార్లకు జరుగుతున్న నష్టాన్ని నేను కళ్లారా చూశాను.

నీళ్ల గొట్టాలకు నేడు వాడేది ఈపీడీఎం అనే రబ్బరు. వేడి నీటికి, కూలెంట్‌లో (రేడియేటరులో పోసే చల్లబరిచే ద్రవంలో) ఉండే ఇథిలీన్ గ్లైకాల్‌కు, ఎండకు, గాలిలోని ఓజోన్‌కు అది బాగా తట్టుకుంటుంది. కానీ పెట్రోలు, కిరోసిన్, ఇంజను ఆయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. మన ఊళ్లలో ఇంజనును కిరోసిన్‌తోనో డీజిలుతోనో కడిగి మెరిపించడం ఒక ఆచారంగా ఉంది. ఆ కడుగుడు నీళ్ల గొట్టాల మీద పడిన ప్రతిసారీ వాటి ఆయుష్షు తరుగుతుంది. మీ కారుకు ఆ అలవాటు ఉంటే ఇకనైనా మాన్పించండి, సబ్బునీళ్లు చాలు.

గొట్టం చివరల దగ్గర లోపలి నుంచి పుట్టే నిలువు పగుళ్లకు ఇంకో కారణం కూడా ఉంది. రేడియేటరు ఇత్తడి, హెడ్డు అల్యూమినియం, బ్లాకు పోత ఇనుము. ఈ లోహాల మధ్య కూలెంట్ నిలిచినప్పుడు చిన్నపాటి బ్యాటరీలాంటి చర్య జరిగి, ఆ విద్యుత్తు రబ్బరులోని కార్బన్ గుండా ప్రయాణిస్తూ చివరల దగ్గర కంటికి కనిపించని సన్నని చీలికలు పుట్టిస్తుంది. నీరు ఆ చీలికల గుండా లోపలి నూలు పొరను చేరితే నూలు బలహీనపడుతుంది, తరువాత ఒకనాడు ఒత్తిడికి గొట్టం ఒక్కసారిగా చీలుతుంది. బోరు నీళ్లు పోస్తే అందులోని లవణాల వల్ల ఈ చర్య ఇంకా వేగంగా సాగుతుంది. గుంటూరు ప్రాంతపు బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. శుద్ధి చేసిన నీటిలో కలిపిన కూలెంట్ పోయండి, దానిలోని తుప్పు నిరోధకాలు కాలంతో అరిగిపోతాయి కనుక రెండేళ్లకోసారి మార్చండి. మల్టీమీటరు ఉంటే ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. ఇంజను ఆపి, చల్లారిన తరువాత మూత తీసి, ఒక కొనను లోహానికి తగలకుండా కూలెంట్‌లో ముంచి, రెండవదానిని బ్యాటరీ నెగెటివ్‌కు తాకించండి. 0.3 వోల్టును మించి చూపిస్తే కూలెంట్ మార్చే సమయం దాటిపోయిందని గ్రహించాలి.

ఇక పెట్రోలు గొట్టం. మీ కారు తయారైన కాలంలో పెట్రోలు గొట్టాలకు నైట్రైల్ రబ్బరు వాడేవారు, అప్పటి పెట్రోలుకు అది సరిపోయేది. మన దేశంలో పెట్రోలులో ఇథనాల్ పాళ్లు 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరాయి. ఇథనాల్ కలిసిన పెట్రోలులో సాధారణ నైట్రైల్ మరింతగా ఉబ్బుతుంది, దానికి మెత్తదనం ఇచ్చే నూనెలు క్రమంగా కరిగి బయటికి పోతాయి. ఆ తరువాత కారు నెలల తరబడి నిలిచిపోతే, గొట్టంలోని ఇంధనం ఆవిరై రబ్బరు ఎండి, కుంచించుకుపోయి బీటలు వారుతుంది. మీరు చూసిన పగుళ్లలో ఇవి కొన్ని అయి ఉంటాయి, మిగిలినవి ఓజోన్ వల్ల పై పొర మీద వచ్చేవి. చెమ్మ ఉన్న చోట కోసి కలిపితే, అదే వయసున్న, అదే జబ్బున్న రబ్బరుకు మరో రెండు కీళ్లు చేర్చినట్లవుతుంది. కాబట్టి మొత్తం మార్చవలసిందే.

కొనేటప్పుడు గొట్టం మీద ముద్రించి ఉన్న అక్షరాలు చదవండి. ఎస్ఏఈ జె30 అనే ఇంధన గొట్టాల ప్రమాణంలో ఆర్6, ఆర్7 అనేవి కార్బురేటరు బండ్ల తక్కువ ఒత్తిడికి ఉద్దేశించిన సాధారణ రకాలు. ఆర్9 అని ఉన్నవాటికి లోపలి పొర ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరుతో ఉంటుంది, అది ఇథనాల్‌కు చాలా బాగా తట్టుకుంటుంది. ఆర్9 ఇంజెక్షన్ బండ్ల ఒత్తిడికి తయారైనది, మీ పంపు ఇచ్చే ఒత్తిడి నాలుగైదు పీఎస్ఐకి మించదు కనుక బలం విషయంలో దిగులు లేదు. ధర సాధారణ గొట్టానికి కొన్ని రెట్లు ఉన్నా, మీకు కావలసినది మహా అయితే మీటరు, మీటరున్నర. ఆ ఖర్చుకు వెనుకాడవద్దని గట్టిగా కోరుతున్నాను.

నకిలీ ముద్రలు కూడా బజారులో ఉన్నాయి. అనుమానం ఉంటే రెండంగుళాల ముక్క కోసి, వ్యాసం, బరువు రాసుకుని, మీరు వాడే పెట్రోలులోనే గట్టి మూత ఉన్న గాజు సీసాలో ఇంటి బయట నీడలో వారం రోజులు ఉంచండి. తీసి కొలిచినప్పుడు లోపలి రంధ్రం కుంచించుకుపోయినా, పెట్రోలు నల్లగా మారినా, వంచితే లోపలి పొర విడిపోయినా దానిని వాడవద్దు. మీరు కాపాడుకోవాలనుకుంటున్న పాత గొట్టాలను పారేయనక్కరలేదు. కడిగి, ఆరబెట్టి, ఏది ఎక్కడిదో చీటీ కట్టి దాచండి. రేపు అచ్చు చేయించుకోవలసి వస్తే నమూనాగా అవే ఉపయోగపడతాయి. ముంబయిలో చివరి పద్మిని టాక్సీ 2023 అక్టోబరులో సేవల నుంచి తప్పుకుంది కనుక, టాక్సీల గిరాకీ మీద ఆధారపడి తయారయ్యే విడిభాగాలు ఇక ముందు ఇంత సులభంగా దొరకవు.

ప్రశ్నించినవారు – గుంటూరు పద్మిని

ఇద్దరికీ ధన్యవాదాలు. బోరు నీళ్ల మాట నిజమే, నాన్నగారు ఇంట్లో కాచి చల్లార్చిన నీళ్లు పోసేవారు, మేము ఈసారి షెడ్డులో కుళాయి నీళ్లే పోశాము. ఒక చిన్న సందేహం. ముందు ఎడమ చక్రం వేడెక్కడానికి డ్రమ్ములో లైనర్లు బిగుసుకోవడమే కారణమని, వాటిని వదులు చేస్తే చాలని మా మెకానిక్ అంటున్నారు. బ్రేకు గొట్టం పైకి చూడడానికి బాగానే ఉంది, ఎక్కడా కారడం లేదు. అయినా దానిని అనుమానించాలా?

జవాబు – సికింద్రాబాదు నుంచి ఒక పద్మిని యజమాని

తప్పకుండా అనుమానించండి. నా 1984 పద్మినిలో సరిగ్గా ఈ లక్షణాలే కనిపించాయి. బ్రేకు గొట్టం బయటికి కొత్తదానిలా ఉండి, లోపలి పొర ఉబ్బి దారి సన్నబడుతుంది. మనం కాలితో తొక్కినప్పుడు ఉండే ఒత్తిడికి ద్రవం ఆ సన్న దారిలోంచి చక్రం వైపు దూసుకుపోతుంది. కాలు తీసినప్పుడు దానిని వెనక్కు తోయడానికి డ్రమ్ములోని స్ప్రింగుల బలం తప్ప వేరే ఏదీ లేదు, ఆ బలం చాలక ద్రవం అక్కడే నిలిచిపోతుంది. అందుకే బ్రేకు వదిలాక కూడా మీ కారు ఎడమకు లాగుతోంది.

ఊహతో భాగాలు మార్చకుండా తేల్చుకునే మార్గముంది. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, కింద స్టాండు పెట్టి, బ్రేకు ఒకసారి గట్టిగా తొక్కి వదిలి, చక్రం తిప్పి చూడండి. తిరగకపోతే, గొట్టం ఇనుప పైపుతో కలిసే చోట ఉన్న నట్టును కొంచెం వదులు చేయండి. అప్పుడు చక్రం వెంటనే తేలికగా తిరిగితే ఒత్తిడి ఆపుతున్నది మాస్టర్ సిలిండరు (పెడలు తొక్కితే ద్రవాన్ని చక్రాలకు తోసేది), గొట్టం కాదు. అక్కడ వదులు చేసినా తిరగక, చక్రం దగ్గర బ్రేకు ద్రవంలోని గాలి బయటికి వదిలే నిపుల్ తెరిచినప్పుడు మాత్రమే ద్రవం చిమ్మి చక్రం వదులైతే, గొట్టం లోపల మూసుకుపోయిందన్నమాట. రెండు చోట్ల తెరిచినా వదలకపోతే మీ మెకానిక్ అన్నట్లు డ్రమ్ము లోపలే బిగుసుకుంది. ఈ వరుస తప్పకుండా చేయండి.

నా కారుకు ఆ స్థితి ఎందుకు వచ్చిందో చెబుతాను. ఒక షెడ్డులో బ్రేకు ఆయిలు తగ్గిందని, చేతికి అందిన పవర్ స్టీరింగు ఆయిలు పోసి నింపారు. రెండూ ఆయిళ్లే కదా అనుకున్నారు. బ్రేకు ఆయిలు అని మనం పిలిచేది నిజానికి గ్లైకాల్ ద్రవం, బ్రేకు రబ్బర్లు దానికి తట్టుకునేలా చేసినవి. ఖనిజ నూనె తగిలేసరికి పది రోజుల్లో ప్రతి రబ్బరూ ఉబ్బింది. మాస్టర్ సిలిండరు కిట్టు, నాలుగు చక్రాల సిలిండరు కిట్లు, మూడు గొట్టాలు మార్చి, ఇనుప పైపులను స్పిరిట్‌తో కడిగించాక గానీ కారు దారికి రాలేదు. మీ కారు ఆరేళ్లు నిలిచి ఉన్నది కనుక మాస్టర్ సిలిండరు మూత తీసి, ద్రవం ఏ రంగులో ఉందో, మూత రబ్బరు ఉబ్బిందో లేదో ముందు చూడండి.

మార్చేటప్పుడు ముందు రెండూ, వెనుక ఇరుసుకు వెళ్లేది ఒకటీ కలిపి మూడూ ఒకేసారి మార్చండి. ఒక పక్క కొత్తది, ఇంకో పక్క నలభై ఏళ్లది ఉంటే బ్రేకు సమంగా పడదు. రాగి వాషర్లు పాతవి మళ్లీ వాడవద్దు. గొట్టం మెలి పడకుండా బిగించాలి, చాలా గొట్టాల మీద ఇందుకోసమే నిలువు గీత ఉంటుంది. బిగించిన తరువాత స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పి, గొట్టం టైరుకు గానీ ఛాసిస్‌కు గానీ రాసుకోవడం లేదని చూడండి. బ్రేకు ద్రవంలోని గాలి తీయడం మాస్టర్ సిలిండరుకు దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టాలి. మన కార్లలో అది వెనుక ఎడమ చక్రం, తరువాత వెనుక కుడి, ముందు ఎడమ, చివరకు ముందు కుడి. కొత్తగా సీలు తెరిచిన డాట్ 3 లేదా డాట్ 4 (బ్రేకు ద్రవాల ప్రామాణిక రకాలు) ద్రవం మాత్రమే వాడండి. డాట్ 3 పొడిగా ఉన్నప్పుడు 205 డిగ్రీల వద్ద మరిగితే, తేమ పీల్చాక 140 డిగ్రీలకే మరుగుతుంది. సగం వాడి మూలన పెట్టిన సీసాలోది పోయవద్దు అనడం ఇందుకే. కారు పెయింటు మీద ఆ ద్రవం పడితే వెంటనే నీళ్లతో కడగండి.

గొట్టాల కోసం నేను సికింద్రాబాదు రాణిగంజ్‌లో పాత విడిభాగాల దుకాణాలు తిరిగాను. పాత నిల్వలో దొరికిన, ఎన్నేళ్ల క్రితం తయారైందో తెలియని బ్రేకు గొట్టాన్ని మాత్రం సీలు విప్పకుండా ఉన్నా తీసుకోలేదు. పెట్టెలో ఉన్నా రబ్బరు ముదురుతుంది. చివరకు పాత గొట్టం మర, పొడవు సరిపోయే కొత్త తయారీ గొట్టాలే వేయించాను.

జవాబు – ఆటోనగర్ మెకానిక్

సికింద్రాబాదు మిత్రులు చెప్పిన పరీక్ష చేసేవరకు దయచేసి కారు బయటికి తీయవద్దు. పెట్రోలు గొట్టం మార్చే పద్ధతి మిగిలిపోయింది కనుక అది కూడా చెబుతాను. బ్యాటరీ తీగ ముందే తీసేయండి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు, ఆరుబయట, దగ్గర ఎవరూ బీడీ సిగరెట్టు కాల్చకుండా చూసుకుని పని మొదలుపెట్టండి. ట్యాంకు నుంచి వచ్చే ఇనుప పైపుకు, పంపుకు మధ్య ఉన్న చిన్న గొట్టాన్ని కూడా మార్చాలి. చాలామంది దానిని మరచిపోతారు. అది పీల్చే వైపు ఉన్న గొట్టం, పగిలితే పెట్రోలు బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. అప్పుడు ఎక్కడా చుక్క కనిపించదు, కానీ బండి ఎత్తు ఎక్కేటప్పుడు పెట్రోలు అందక ఆగిపోతుంది, అందరూ పంపును తప్పుపడతారు.

ఎండాకాలంలో పద్మిని పంపు మీద తడిగుడ్డ వేసి నడిపిన రోజులు మా తరానికి బాగా గుర్తు. పెట్రోలు గొట్టంలోనే ఆవిరై పంపు లాగలేకపోయేది. అందుకని కొత్త గొట్టాన్ని ఎగ్జాస్టుకు వీలైనంత దూరంగా, మడత పడకుండా, పదునైన అంచులకు తగలకుండా తిప్పండి. నీళ్ల గొట్టాలకు వాడే గాట్ల క్లిప్పులు సన్న పెట్రోలు గొట్టాన్ని కోస్తాయి, అంచులు మడిచి నున్నగా ఉన్న చిన్న క్లిప్పులు అడిగి తీసుకోండి. ఇథనాల్ పెట్రోలు ట్యాంకులో ఏళ్ల నుంచి పేరుకున్న మడ్డిని కదుపుతుంది, కొత్త ఫిల్టరు వేసి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లకే మరొకటి మార్చండి. పని అయ్యాక ఇంజను నడుస్తుండగా ప్రతి కీలు కింద పొడి తెల్ల కాగితం పట్టి చూడండి, కంటికి కనిపించని చెమ్మ కాగితం మీద మచ్చగా తెలుస్తుంది. కారులో చిన్న అగ్నిమాపక సిలిండరు ఒకటి తప్పనిసరిగా పెట్టుకోండి.

ప్రశ్నించినవారు – గుంటూరు పద్మిని

మూడు వారాల తరువాత రాస్తున్నాను, ఆలస్యానికి మన్నించండి. చెప్పిన వరుసలో పరీక్ష చేశాము. ఇనుప పైపు నట్టు వదులు చేసినప్పుడు చక్రం కదలలేదు, నిపుల్ తెరవగానే ద్రవం చిమ్మి చక్రం చేతితో తిరిగింది. ఊడదీసిన గొట్టాన్ని మధ్యకు కోస్తే లోపలి రంధ్రంలో గుండుసూది కూడా కష్టంగా దూరింది. మూడు బ్రేకు గొట్టాలూ మార్పించి, మాస్టర్ సిలిండరు కిట్టు కూడా వేయించాము. ద్రవం కాఫీ డికాక్షన్ రంగులో ఉంది కనుక మొత్తం తీసి కొత్తది పోయించాము. డ్రమ్ము ఇప్పుడు మిగిలిన మూడింటితో సమానంగానే వేడెక్కుతోంది.

రేడియేటరు కింద గొట్టం విజయవాడలోనే దొరికింది, పై గొట్టానికి ఇంకో కారు గొట్టం నుంచి వంపు ముక్క కోసి వాడాము. థర్మోస్టాట్ మూతి మీద ఎమరీ పట్టగా లోహం ఒక చోట లోతుగా గుంట పడి కనిపించింది, దానిని టర్నర్ దగ్గర నింపించి నున్నగా చేయించాము. పాత కూలెంట్ నీటిలో మల్టీమీటరు 0.6 వోల్టు చూపింది. కొత్తది పోశాక 0.1 కన్నా తక్కువ చూపుతోంది.

పెట్రోలు గొట్టానికి ఆర్9 రకం తెప్పించి, ముక్కను వారం రోజులు సీసాలో ఉంచి చూసి మరీ వేయించాము. తెల్ల కాగితం మీద మచ్చ పడలేదు. నాన్నగారి కాలం నాటి గొట్టాలన్నింటికీ చీటీలు కట్టి అట్టపెట్టెలో పెట్టాను. ఇక మిగిలినది ట్యాంకు మూతి దగ్గరి లావు రబ్బరు గొట్టం. నిండుగా పెట్రోలు పోయించినప్పుడు డిక్కీలో వాసన వస్తోంది, పై పొర జిగటగా మారింది. అంత లావు గొట్టంలో ఇథనాల్‌కు తట్టుకునే రకం మీటరు లెక్కన ఎక్కడ దొరుకుతుందో తెలిసినవారు చెప్పగలరు. అప్పటిదాకా ట్యాంకు సగానికి మించి నింపడం లేదు.